పికప్ హౌసింగ్‌లో మోత వస్తే, క్రౌన్ మార్చే ముందు ఆయిల్ దించి చూడండి

ప్రశ్న: "అన్నా, నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొన్నాను. ఇందుకూరుపేట, విడవలూరు పక్క రొయ్యల గుంటలకు మేత తోలుతుంటాను. యాభై దాటితే వెనక నుంచి ఊళ వేసినట్టు మోత వస్తోంది. ఒక మెకానిక్ క్రౌన్ పోయింది, మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన 140 ఆయిల్ పోస్తే సౌండు తగ్గిపోతుందన్నాడు. అసలు ఆ డిఫరెన్షియల్ చేసే పని ఏంటి? దానికి ఏ ఆయిల్ పోయాలి, ఎన్నాళ్ళకు మార్చాలి?"

తమ్ముడూ, ఆ రెండు పనుల్లో ఏదీ ఇప్పుడే చేయించొద్దు. నేను నెల్లూరు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా హౌసింగ్ పనే చేస్తున్నాను. హౌసింగ్ అంటే వెనక ఇరుసు నడుమ డిఫరెన్షియల్ ఉండే ఇనుప పెట్టె, క్రౌన్ అంటే దాని లోపలి పెద్ద పళ్ళ చక్రం. క్రౌన్ పోయిందని నా దగ్గరికి తోలుకొచ్చిన బండ్లలో చాలావాటికి క్రౌన్ బాగానే ఉండేది. బేరింగ్ పోయి ఉండేది, లేదంటే ఆయిల్ అడుగంటి ఉండేది. నిజంగా క్రౌన్ పోయిన బండ్లలో కూడా ముందు పాడైంది ఆయిలే, క్రౌన్ దాని వెనక పోయింది. అందుకని ముందు హౌసింగ్ కింద డ్రెయిన్ బోల్టు విప్పి లోపల ఏముందో చూడాలి. అక్కడ కనిపించేది నీకు అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నీ బండి వెనక రెండు చక్రాల మధ్య దూరం సుమారు మీటరున్నర. మైపాడు రోడ్డు మీద వస్తూ గుంట గట్టు మీదికి అడ్డంగా తిప్పావనుకో. ఆ ఒక్క మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా దాదాపు రెండు మీటర్ల ముప్పై ఐదు సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. మలుపు ఇరుకుదైనా విశాలమైనదైనా ఈ తేడా మారదు. నీ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. అంటే లంబంగా తిరిగిన ప్రతిసారీ బయటి చక్రం లోపలిదానికన్నా ఒక చుట్టు ఎక్కువ తిరగాలన్నమాట. వెనకటి రోజుల్లో కళ్ళంలో ఎద్దులను వరసగా బంతి కట్టి, నడుమ పాతిన మేటి చుట్టూ తిప్పి వరి తొక్కించేవాళ్ళు, మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడుగు. మేటి దగ్గరి ఎద్దు నిలబడిన చోటే మెల్లగా తిరుగుతుంటే చివరి ఎద్దు పరుగు లాంటి నడక నడవాలి. ఇదీ ఆ లెక్కే.

ఎద్దుల బండికి ఈ తిప్పలు లేవు. ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దాని మీద దేనికది తిరుగుతాయి. లాగేది ఎద్దులు కాబట్టి చక్రాన్ని తిప్పాల్సిన పని ఎవరికీ లేదు. మోటారు బండిలో అలా కాదు, చక్రాన్నే ఇంజిన్ తిప్పాలి. రెండు చక్రాలనూ ఒకే రాడ్డుకు బిగిస్తే ప్రతి మలుపులో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది, రాడ్డు మెలిపడుతుంది. ఈ చిక్కు ఆవిరి బండ్ల కాలంలోనే ఎదురైంది. ఫ్రాన్స్‌లో గడియారాల పని తెలిసిన ఒనెసిఫోర్ పెకర్ అనే ఆయన 1820ల చివర్లో దీనికి ఉపాయం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. రెండు వందల ఏళ్ళు కావస్తున్నా నీ పికప్‌లో తిరుగుతున్నది ఆ ఉపాయమే. దాని పేరే డిఫరెన్షియల్.

ఇప్పుడు లోపలికి పోదాం. గేర్ బాక్స్ నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి వస్తుంది. దాని చివర చిన్న గేరు, టెయిల్ పినియన్. అది తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్ వీల్. క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 9 పళ్ళు ఉన్నాయనుకో, షాఫ్ట్ నాలుగున్నర చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గి, ఆ మేరకు బలం పెరుగుతుంది. బండి పొడుగునా వచ్చిన తిరుగుడు చక్రాల వైపు అడ్డంగా మళ్ళేది కూడా ఇక్కడే.

క్రౌన్ వీల్‌ను ఒక గుండ్రటి ఇనుప డబ్బాకు బోల్టులతో బిగిస్తారు. మేము దాన్ని కేజ్ అంటాం. కేజ్ లోపల అడ్డంగా ఒక పిన్ను, పిన్ను మీద స్టార్ పినియన్లు అనే రెండు చిన్న గేర్లు. లారీల్లోనైతే పిన్ను బదులు కూడలి ఆకారంలో స్పైడర్ ఉంటుంది, దాని మీద నాలుగు స్టార్ పినియన్లు. వీటికి అటొకటి ఇటొకటి సైడ్ గేర్లు. ఒక్కో సైడ్ గేరులో ఒక్కో యాక్సిల్ షాఫ్ట్, అంటే చక్రాన్ని తిప్పే రాడ్డు, కొస దిగి ఉంటుంది.

నాగలికి కట్టిన కాడిని గుర్తు తెచ్చుకో. నడిమధ్యలో తాడు, రెండు కొసల్లో రెండు ఎద్దులు. ఒక ఎద్దు అడుగు ముందుకేస్తే కాడి ఓరగా తిరుగుతుంది, నాగలి మాత్రం రెండింటి సగటున ముందుకు పోతూనే ఉంటుంది. తాడు సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి రెండు మెడల మీదా పడే బరువు సమానం. స్టార్ పినియన్ చేసేది అచ్చం కాడి పనే. దాని నడుమ ఉన్న పిన్నును కేజ్ తోస్తుంది. స్టార్ పినియన్ రెండు పక్కల పళ్ళూ రెండు సైడ్ గేర్లను తోస్తాయి. రోడ్డు తిన్నగా ఉన్నంతసేపూ స్టార్ పినియన్ తన చుట్టూ తాను తిరగదు, కేజ్‌తో కలిసి మొత్తంగా తిరుగుతుంది. మలుపులో లోపలి చక్రం నెమ్మదించగానే స్టార్ పినియన్ ఆ పక్క గేరు మీద దొర్లి, అక్కడ తగ్గినదంతా అవతలి పక్కకు కలుపుతుంది. ఇటు నిమిషానికి 20 చుట్లు తగ్గితే అటు 20 పెరుగుతాయి. రెండింటి సగటు ఎప్పుడూ క్రౌన్ తిరిగినంతే.

ఇది మాటలతో కాకుండా చేత్తో చూడొచ్చు. చదునైన చోట ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు గట్టిగా పెట్టు. వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలుపు, ఉత్త జాకీని నమ్మొద్దు. ఇంజిన్ ఆపి ఫస్ట్ గేరులో వెయ్యి, హ్యాండ్ బ్రేక్ వదిలెయ్యి. ఇప్పుడు కుడి చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పు. ఎడమ చక్రం వెనక్కి తిరుగుతుంది. క్రౌన్ కదలడం లేదు కాబట్టి సగటు సున్నా రావాలి, ఇటు ఒక చుట్టు ముందుకైతే అటు ఒక చుట్టు వెనక్కి. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు మొదటి రోజు చూపించేది ఇదే. అలా తిప్పేటప్పుడు చెవి హౌసింగ్ దగ్గర పెట్టి విను. గరగరమన్నా, ఒక్కో చోట పట్టుకుని వదిలినట్టు అనిపించినా స్టార్ పినియన్ల సంగతి అప్పుడే తెలిసిపోతుంది.

కాడి లెక్కలోనే దీని బలహీనత కూడా ఉంది. ఒక ఎద్దు లాగనని మొరాయిస్తే రెండోది ఎంతటి ఒంగోలు గిత్త అయినా కాడి ఓరగా తిరిగిపోతుందే తప్ప నాగలి కదలదు. డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఒకే బలం ఇస్తుంది కాబట్టి, బురదలో జారుతున్న చక్రం తీసుకోగలిగినంతే గట్టి నేల మీదున్న చక్రానికీ అందుతుంది. గట్టి నేల మీదిది ఆగిపోయి, బురదలోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది. మీటరు 30 చూపిస్తుంటే ఆ చక్రం 60 మీద పోతున్నట్టు.

గుంట గట్టు మీద బండి దిగబడ్డప్పుడు యాక్సిలరేటర్ తొక్కిపెట్టే అలవాటు నీకుంటే ఈరోజే మానుకో. క్రౌన్‌కు, పినియన్‌కు బేరింగులు ఉంటాయి. స్టార్ పినియన్లకు ఉండవు, అవి పిన్ను మీదే నేరుగా రాసుకుంటూ తిరుగుతాయి. మలుపుల్లో కాసేపు మెల్లగా తిరగడానికి చేసినవి అవి. బురదలో రెండు నిమిషాలు చక్రం గిర్రున తిప్పితే ఆ పిన్ను మీద ఆయిల్ నిలవదు. నీలంగా కాలి, గాట్లు పడి, గేరుకు అతుక్కుపోయిన పిన్నులు ఎన్నో చూశాను. దిగబడితే గోతాలు వెయ్యి, గడ్డి వెయ్యి, ఇంకో బండితో లాగించు.

రెండు వెనక టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగినది వేసినా ఇదే దెబ్బ, కాకపోతే నిదానంగా తగులుతుంది. చిన్న టైరు ఎక్కువ చుట్లు తిరగాలి. అంటే తిన్నటి రోడ్డు మీద కూడా స్టార్ పినియన్లకు విశ్రాంతి ఉండదు, నెల్లూరు నుంచి చెన్నై దాకా అవి తిరుగుతూనే ఉంటాయి. నువ్వు కొన్న బండికి వెనక టైర్లు ఒకే సైజు, ఒకే అరుగుదలలో ఉన్నాయో లేదో చూశావా?

జారే నేల మీద పనిచేసే బండ్లకు అందుకే లాక్ ఇస్తారు. ట్రాక్టరుతో దమ్ము చేసేటప్పుడు మడమతో తొక్కే పెడల్ ఉంటుంది కదా, అది తొక్కితే రెండు చక్రాలూ ఒకే రాడ్డు మీద ఉన్నట్టు అయిపోతాయి. చీమకుర్తి క్వారీల్లో తిరిగే పది టైర్ల టిప్పర్లకు వెనక రెండు ఇరుసులూ లాగుతాయి కాబట్టి ఆ రెండింటి మధ్య మూడో డిఫరెన్షియల్ ఉంటుంది, దానికీ లాక్ ఉంటుంది. ఏ లాక్ అయినా చక్రం జారి గిర్రున తిరుగుతున్నప్పుడు వెయ్యకూడదు. కాలు తీసి, చక్రం ఆగాక వెయ్యాలి. గట్టి నేల మీదికి రాగానే, మలుపు తిప్పే ముందే తీసెయ్యాలి. తిరుగుతున్నప్పుడు వేస్తే పళ్ళు విరుగుతాయి, విరిగిన పన్ను క్రౌన్ మధ్యలో పడితే హౌసింగే పగులుతుంది.

ఇక ఆయిల్. నీ ప్రశ్నలో ముఖ్యమైన భాగం ఇదే.

పినియన్ క్రౌన్ మధ్యకు సూటిగా ఎదురుగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. చాలా బండ్లలో మధ్యగీత కన్నా కిందికి జరిగి ఉంటుంది. దీన్ని హైపాయిడ్ అంటారు. 1920ల నడుమ అమెరికాలో ప్యాకర్డ్ కార్లతో మొదలైన పద్ధతి. దీనివల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగుతుంది, పినియన్‌ను లావుగా చేసుకోవచ్చు, ఒకేసారి ఎక్కువ పళ్ళు పట్టుకుంటాయి, మోత తగ్గుతుంది. బదులుగా ఒక ఇబ్బంది తెచ్చిపెట్టుకున్నాం. మామూలు గేర్లలో పన్ను పన్ను మీద ఎక్కువగా దొర్లుతుంది. హైపాయిడ్‌లో పన్ను పన్ను పొడుగునా జారుతుంది కూడా. టన్ను పైచిలుకు లోడు, ఆ బలమంతా గోటి వెడల్పు చోట, పైగా జారుడు. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. ఇనుము ఇనుముకు తగిలి, వేడికి క్షణకాలం అతుక్కుని, ఊడివస్తుంది. అలా ఊడిన చోట పన్ను మీద గీతలు పడతాయి.

దీన్ని ఆపడానికే హైపాయిడ్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు. పన్ను మీద వేడెక్కిన చోట ఆ మందు ఇనుముతో కలిసి పలుచటి పొర కడుతుంది. అతుక్కోవాల్సిన ఇనుము బదులు ఆ పొర అరిగిపోతుంది, మళ్ళీ కొత్త పొర కడుతుంది. హౌసింగ్ ఆయిల్ డబ్బా తెరిస్తే ముక్కు పగిలే వాసన వస్తుందే, అది గంధకానిది. వాసన వస్తే ఆయిల్ పాడైందనుకోకు. మాడు వాసన వేరు, ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోవు.

డబ్బా మీద రెండు సంగతులు చూడాలి. మొదటిది ఏపీఐ జీఎల్ నంబరు, ఆయిల్ ఏ తరగతిదో చెప్పే గుర్తు. జీఎల్-5 అంటే హైపాయిడ్‌కు తగినన్ని మందులున్న ఆయిల్. జీఎల్-4లో ఆ మందుల పాలు తక్కువ, అది ఎక్కువగా గేర్ బాక్సుల కోసం. వెనక హౌసింగ్‌లో జీఎల్-4 పోస్తే లోడు మీద పళ్ళు తట్టుకోలేవు. మరి బలమైనది కదా అని జీఎల్-5 తెచ్చి గేర్ బాక్సులో కూడా పోయొచ్చా? పోయొద్దు. గేర్ బాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. ఘాటు మందులు ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది, రింగు పట్టాల్సిన చోట జారి గేరు పడటం కూడా కష్టమవుతుంది. ఒకే డబ్బాతో రెండూ నింపేసే దుకాణాలు ఉన్నాయి. నువ్వు పక్కనే నిలబడి డబ్బా చూసుకో.

రెండోది చిక్కదనం. 80డబ్ల్యూ-90 అని ఉంటుంది. మన వాళ్ళు నైంటీ ఆయిల్ అంటారు. 90 అంటే ఇంజిన్‌లో పోసే 40 కన్నా రెట్టింపు చిక్కన అనుకోవడం మామూలు పొరపాటు. ఇంజిన్ ఆయిల్ లెక్క వేరు, గేర్ ఆయిల్ లెక్క వేరు. వంద డిగ్రీల వేడి దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ 40ది 12.5 నుంచి 16.3. అంటే ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తు. 140 మాత్రం నిజంగా చిక్కన, 24 నుంచి 32.5 దాకా.

ఇప్పుడు 140 పోయమన్న ఆయన మాటకు వద్దాం. 140 చెడ్డ ఆయిల్ కాదు. బరువు లాగే కొన్ని లారీలకు, టిప్పర్లకు కంపెనీ వాళ్ళే 85డబ్ల్యూ-140 రాస్తారు, వాటిలో అదే పోయాలి. నీ పికప్ మాన్యువల్‌లో 90 రాసి ఉంటే 140 పోయడం వల్ల ఒకటే జరుగుతుంది, మోత వినపడటం తగ్గుతుంది. వదులైన బేరింగు మధ్యలో చిక్కటి ఆయిల్ దిండులా కూర్చుంటుంది. అరుగుదల అలాగే సాగుతుంటుంది, నీకు తెలిసే దారి మూసుకుపోతుంది. పైగా క్రౌన్ ఆ చిక్కటి ఆయిల్‌ను చిలకాలి కాబట్టి వేడి పెరుగుతుంది, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుంది. బండి అమ్మేవాళ్ళు ఇంకా దిగజారి, మోత వినపడకుండా హౌసింగ్‌లో గ్రీజు కూరడం, రంపపు పొట్టు వేయడం కూడా చేస్తారు. పొట్టు ఆయిల్‌ను పీల్చుకుని ముద్దగా మారి, పినియన్ బేరింగుకు ఆయిల్ పోయే దారిలో చేరుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కాబట్టి చెబుతున్నా, నీ హౌసింగ్‌లో అలాంటిది ఉందేమో చూసుకోవాలి.

హౌసింగ్‌లో ఆయిల్ పంపు ఉండదు. క్రౌన్ కింది భాగం ఆయిల్‌లో మునిగి, తిరుగుతూ పైకి చిమ్ముతుంది. అలా చిమ్మిన ఆయిలే కాలువ లాంటి దారిలో ముందుకు పోయి పినియన్ బేరింగులను తడుపుతుంది. లెవెల్ తగ్గితే క్రౌన్‌కు ఇంకా అందుతుంటుంది కానీ ముందున్న పినియన్ బేరింగు ఎండిపోతుంది. ఊళ సాధారణంగా అక్కడే పుడుతుంది.

మన పక్క ఇంకో శత్రువు ఉంది, నీళ్ళు. హౌసింగ్ మీద పైన వేలెడంత బ్రీదర్ ఉంటుంది. దాన్ని పట్టించుకునే డ్రైవరు వందకు ఒకరు. హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలి పెరిగి బ్రీదర్ గుండా బయటికి పోవాలి, చల్లబడితే మళ్ళీ లోపలికి రావాలి. గట్ల మీది బురద ఎండి బ్రీదర్ మూసుకుపోతే ఆ గాలి, ఆయిల్ కారకుండా వేసిన రబ్బరు సీళ్ళను తోసుకుని పోతుంది. సీలు కారిందని సీలు మారుస్తారు, నెలకే మళ్ళీ కారుతుంది, సీలు నాసిరకం అంటారు. బ్రీదర్ విప్పి ఊది చూసినవాళ్ళు ఉండరు. ఆ కారిన ఆయిల్ యాక్సిల్ చివర నుంచి బ్రేకు లైనర్ల మీద పడితే లోడు మీద బ్రేకు పట్టదు.

దానికన్నా ప్రమాదం ఇది. ముప్పై నలభై కిలోమీటర్లు లోడుతో వచ్చి, హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే గుంట పక్క కాలువ నీళ్ళలోకి దించావనుకో. హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడుతుంది, లోపలి గాలి కుంచించుకుపోతుంది, ఆ పీల్పుకు బ్రీదర్ నుంచో సీలు పక్క నుంచో నీళ్ళు లోపలికి పోతాయి. రొయ్యల గుంటల దగ్గరివి ఉప్పు నీళ్ళు. ఉప్పు నీళ్ళు పడ్డ బేరింగు వారం రోజులు ఊరికే నిలబడినా దాని మీద తుప్పు చుక్కలు పడతాయి. చుక్క పడిన చోట లోడు కింద పెచ్చు లేస్తుంది.

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు పక్క పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు నీళ్ళలో నిలబడిపోయిన బండ్లు తర్వాత వరసగా మా షెడ్డుకు వచ్చాయి. ఒక్కో హౌసింగ్ డ్రెయిన్ బోల్టు విప్పుతుంటే ముందు తేటనీళ్ళు గ్లాసుడు కారేవి, ఆ తర్వాత ఆయిల్ దిగేది. నీళ్ళు బరువు కాబట్టి నిలబడిన బండిలో అడుగున చేరతాయి. అలాంటి బండిని విప్పి చూడకుండా స్టార్ట్ చేసి తోలుకొచ్చినవాళ్ళ హౌసింగుల్లోంచి పాలెక్కువైన టీ రంగులో నురగ దిగేది. మొదటి రకం బండ్లు ఆయిల్ మార్చి, కడిగితే బాగానే నడిచాయి. రెండో రకంలో చాలావాటికి నెలల్లోనే బేరింగులు మార్చాల్సి వచ్చింది.

నీ బండికి బ్రీదర్ తీసేసి, ఆ చోట ఒక నిపుల్, మంచి రబ్బరు పైపు పెట్టి ఛాసిస్ మీదుగా బాడీ ఎత్తుకు తీసుకుపోయి కొస కిందికి వంచి కట్టించు. దానికయ్యే ఖర్చు ఒక పూట టిఫిన్‌కు అయ్యేంతకు అటూ ఇటూ. గుంటల దగ్గర తిరిగే ప్రతి బండికీ నేను అడక్కుండానే చేసి పంపుతాను.

ఎన్నాళ్ళకు మార్చాలని అడిగావు. మాన్యువల్‌లో రాసిందే మొదటి ప్రమాణం. నా పద్ధతి చెబుతాను. మామూలు రోడ్డు మీద లోడు తోలే పికప్‌కు 40,000 కిలోమీటర్లు దాటనివ్వను. గుంట గట్లు, కాలువలు దాటే బండికి 20,000. హౌసింగ్ మునిగేంత నీళ్ళలో దిగిన రోజున కిలోమీటర్ల లెక్క లేదు, ఆ మర్నాడే బోల్టు విప్పాలి. కొత్త క్రౌన్ వేసిన బండికి మొదటి ఆయిల్‌ను వెయ్యి నుంచి రెండు వేల కిలోమీటర్లలోపే తీసేస్తాను, అప్పుడు రాలే ఇనుప పొడి ఎక్కువ.

వేరే బండ్లున్నవాళ్ళ కోసం రెండు మాటలు. ముందు చక్రాలు లాగే కార్లలో, మన ఆటోల్లో డిఫరెన్షియల్ గేర్ బాక్సులోనే ఉంటుంది, ఆయిల్ రెండింటికీ ఒకటే, కాబట్టి గేర్ బాక్సుకు రాసిందే పోయాలి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టర్లలో చాలావాటికి వెనక హౌసింగ్, బ్రేకులు, హైడ్రాలిక్ అన్నీ ఒకే ఆయిల్‌తో నడుస్తాయి. దానికి వెట్ బ్రేక్ ఆయిల్ అని వేరే వస్తుంది. చవక అని అందులో నైంటీ పోస్తే బ్రేకు ప్లేట్లు జారతాయి, కీచుమంటాయి.

ఇప్పుడు నీ మోత సంగతి. ఖాళీగా ఉన్న వేళ హైవే మీదికి పోయి మోత ఎప్పుడెప్పుడు వస్తుందో విను. అరవై మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఊళ వచ్చి, కాలు తీయగానే ఆగితే, పళ్ళ ముందు వైపు మీద, అంటే బండి లాగేటప్పుడు బలం పడే వైపు మీద అనుమానం. కాలు తీసినప్పుడే వస్తే పినియన్ వదులైందేమో చూడాలి. తొక్కినా తీసినా గుమ్మెట మోగినట్టు ఒకటే మోత ఉంటే అది బేరింగు. తిన్నగా పోతున్నప్పుడు ఏమీ లేక మలుపుల్లో మాత్రమే గరగర వస్తే స్టార్ పినియన్లు, లేదంటే చక్రం బేరింగు. కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు టంగుమని ఒక్క దెబ్బ వినిపిస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ చూపించు, అది చిన్న పని. తారు రోడ్డు మీద ఒక రకంగా, సిమెంటు రోడ్డు మీద ఇంకో రకంగా మారే మోత టైర్లది, హౌసింగ్ జోలికే పోవద్దు.

తర్వాత ఆయిల్. బండి పది కిలోమీటర్లు తోలి, ఆయిల్ కాస్త వేడెక్కాక చదునైన చోట ఆపు. ముందు పైన ఉన్న ఫిల్లింగ్ బోల్టు విప్పాలి, అది వచ్చాకే కింద డ్రెయిన్ బోల్టు ముట్టుకోవాలి. ఇది నేను పని నేర్చుకునే రోజుల్లో చేసిన తప్పు. పొదలకూరు నుంచి నిమ్మకాయల లోడుతో వచ్చిన బండికి ముందు కింద విప్పి ఆయిలంతా దించేశాను. పైన బోల్టు తుప్పు పట్టి, అంచులు గుండ్రమై, రాత్రంతా తంటాలు పడ్డా రాలేదు. పాత ఆయిల్ లేదు, కొత్తది పోసే దారి లేదు. తెల్లవారి మార్కెట్‌కు చేరాల్సిన కాయలు మధ్యాహ్నం చేరాయి. ఆ డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. కిరాయి పోయిన ఆయన ముఖం ఇప్పటికీ గుర్తే.

ఆయిల్ తెల్ల ప్లాస్టిక్ టబ్బులోకి దించు, వెలుతురులో చూడు. నల్లగా ఉండి జిగురుగా జారితే అది మామూలు ముసలి ఆయిల్. టీ రంగు అయితే నీళ్ళు. డ్రెయిన్ బోల్టు కొసన అయస్కాంతం ఉంటే దాని మీది ముద్దను బొటనవేలు, చూపుడు వేలు మధ్య రుద్దు. కాటుకలా మెత్తగా నలిగితే భయం లేదు, ఏ హౌసింగ్‌లోనైనా ఉండేదే. వేళ్ళకు గుచ్చుకునే రవ్వలు, సూదుల్లాంటి తునకలు, పెచ్చులు ఉంటే అప్పుడు విప్పక తప్పదు. పీచులాగా, పొట్టులాగా తగిలితే నీకు అమ్మినవాళ్ళు చేసిన పని అది.

నీళ్ళు కలిసి ఉంటే డీజిల్‌తో కడిగి అలాగే తోలొద్దు. నైంటీ ఆయిలే పోసి, లోడు లేకుండా ఇరవై ముప్పై కిలోమీటర్లు తోలి దించెయ్, మళ్ళీ కొత్తది పొయ్యి. పోసేది ఫిల్లింగ్ రంధ్రం కింది అంచు దాకా. వేలు పెడితే అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. ఇంకో అర లీటరు ఎక్కువుంటే మంచిదని పోస్తే వేడికి నురగ కట్టి సీళ్ళ నుంచి బయటికొస్తుంది.

ఇవన్నీ చూశాక నిజంగా క్రౌన్ మార్చాల్సి వస్తే రెండు విషయాల్లో పట్టుబట్టు. క్రౌన్, పినియన్ జతగా నూరి చేసినవి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఒకటి పాతది ఉంచి ఒకటి కొత్తది వేస్తే మోత పోదు. వేశాక పళ్ళకు నీలం రంగు పేస్టు పూసి తిప్పి, గుర్తు పన్ను నడుమ పడిందని నీకు చూపించమను. డయల్ గేజ్ పెట్టి పళ్ళ మధ్య ఆట కొలవమను. చిన్న బండ్లలో అది మామూలుగా మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, నీ బండికి మాన్యువల్‌లో ఉన్న అంకెకు సరిపోవాలి. చేత్తో కదిలించి "సరిపోయింది" అనే పనివాడి దగ్గర చేయించుకోకు. ఉత్త పినియన్ సీలు మార్చినా సరే, నట్టు విప్పే ముందు గుర్తు పెట్టుకుని మళ్ళీ అదే చోటికి బిగించాలి. చాలా బండ్లలో లోపల నలిగే కాలర్ ఉంటుంది, బలం కొద్దీ బిగిస్తే అది ఎక్కువ నలిగి బేరింగు బిగుసుకుపోతుంది. సీలు మార్చిన నెలకే ఊళ మొదలైన బండ్లలో సగం ఇలా చెడ్డవే. నీకు అమ్మినవాళ్ళు ఈ మధ్య పినియన్ సీలు మార్పించారా అని ఒకసారి కనుక్కో. నట్టు చుట్టూ కొత్త గీతలు, సీలు అంచు కొత్త రబ్బరులా నల్లగా మెరుస్తుంటే అడక్కుండానే తెలుస్తుంది.